కర్రీపాయింటులో గ్రాఫు

కూరలు అమ్ముకుని బతికేవాళ్ళకి ఇంట్లో కూర వండుకోబుద్ధి కాదు. ఈ మాట చెబితే నవ్వుతారు గానీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి జరుగుతున్నది అదే. షాపులో గుత్తివంకాయ, కందా బచ్చలి, బీరకాయ శనగపప్పు, చేపల పులుసు, కోడికూర వరసగా గిన్నెల్లో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ పొట్లాలు కట్టి ఇచ్చి, ఇంటికొచ్చి మేము తినేది ఆవకాయ అన్నం, పెరుగన్నం. అదీ ఆకలేసి కాదు. తినకుండా మాత్రలు వేసుకోకూడదన్నారు కాబట్టి. పోపు వాసన జుట్టులోంచి ఎన్నిసార్లు తలంటుకున్నా పోదు. పెళ్ళికి వెళ్ళి కూర్చుంటే పక్కావిడ ఒకసారి గాలి పీల్చి, "మీది కర్రీపాయింటు కదండీ?" అంటుంది. అవునండి అంటాను. ఇంకేం అంటాను?

రాజమండ్రిలో మా షాపు గోదావరి స్టేషనుకి దగ్గర. అన్నం ఎవరింట్లో వాళ్ళు వండుకుంటారు, కూరలు మా దగ్గర కొనుక్కెళ్తారు. టీచర్లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, కోర్టు గుమాస్తాలు, పిల్లల్ని కోచింగుల్లో చేర్పించి ఇక్కడే అద్దెగదుల్లో ఉంటున్న తల్లులు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. అందరూ అలిసిపోయి వచ్చేవాళ్ళే. కౌంటరుకి ఇటు పక్క ఉన్న మేమూ అంతే. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే బేరం అయిపోతుంది.

షాపు మా వదినగారిది. ఆవిడ మా ఆయనకి అక్క. భర్త పోయాక ఇంటి వసారాలో రెండు గిన్నెలతో మొదలుపెట్టి, మెయిన్ రోడ్డు మీద గది అద్దెకు తీసుకునేదాకా ఒంటిచేత్తో లాక్కొచ్చారు. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో కాస్త సాయం చేద్దామని వెళ్ళినదాన్ని అక్కడే ఉండిపోయాను. ఆవిడ లోపల పొయ్యి దగ్గర, నేను బయట కౌంటరు దగ్గర. మా ఆయన తెల్లవారకుండానే మార్కెట్టుకి వెళ్ళి కూరగాయలు తెచ్చి పడేసి, ఆ తర్వాత తను గుమాస్తాగా ఉన్న రైస్‌మిల్లుకి పోతారు. సాయంత్రం వచ్చి "ఎలా ఉంది బేరం?" అని అడుగుతారు. బాగానే ఉందంటాను. మా ఇంట్లో కబుర్లు అంతకంటే సాగవు.

ఏ రోజు ఏం వండాలి, ఎంత వండాలి అన్నది వదినగారి తలలోనే ఉండేది. మబ్బు పడితే పప్పుచారు ఎక్కువ పెట్టేవారు. మంచి ముహూర్తాలున్న రోజు, ఊరంతా పెళ్ళిభోజనాలకి పోతుందని అన్నీ తగ్గించేవారు. జీతాలొచ్చే వారంలో రొయ్యల ఇగురు. చాలాసార్లు ఆ అంచనా సరిపోయేది. సరిపోని రోజున మిగిలిన గిన్నెల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఆవిడకి నోరు పడిపోయేది. అయినా ఆవిడకి ఒకే ఒక మందు తెలుసు. బేరం తగ్గితే ఇంకో రకం కూర కలపడం. "ఏది అడిగినా లేదనకూడదే అమ్మాయ్. లేదంటే రేపు రారు" అనేవారు. అలా కలుపుకుంటూ కలుపుకుంటూ డజను రకాలు దాటిపోయాయి. ప్రతి రకానికీ తరగడాలు, వేయించడాలు, తిప్పడాలు. పనసపొట్టు ఒక్కటి చాలు మనిషిని చంపడానికి. కాయ కొట్టి, పొట్టులా సన్నగా తరిగి, ఉడికించి, పిండి, ఆవ పెట్టి. అది కూడా తన చేత్తో కొడితే తప్ప ఆవిడకి నచ్చదు.

చివరికి ఆ చెయ్యే మొరాయించింది. కుడి భుజం. రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదంటే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి ఎత్తించి, దించి, వెనక్కి తిప్పించి, "ఈ భుజానికి రెస్టు ఇవ్వాలమ్మా. ఇవ్వకపోతే ఒకరోజు అసలు పైకి లేవదు" అన్నారు. బయటికొచ్చాక వదినగారు, "అలాగైతే ఎడమచేత్తో తిప్పుతాను, అదేం చేసుకుంటాను ఖాళీగా పెట్టుకుని" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ వండకపోతే షాపు లేదు, వండితే చెయ్యి లేదు. అప్పటి నుంచి నేను లేచినా కూర్చున్నా ఇదే ఆలోచన.

మా రోడ్డులోనే మరో రెండు కర్రీపాయింట్లు వచ్చాక, ఫోనులో ఆర్డరు పెట్టి ఇంటికే తెప్పించుకునే అలవాటు ఊళ్ళోకి దిగాక, మేమూ బిల్లింగ్ మెషీను పెట్టుకోక తప్పలేదు. ఒక్కో కూరకి ఒక్కో బొమ్మ. బొమ్మ మీద వేలు పెడితే చీటీ వస్తుంది. దాన్ని అమ్మిన కంపెనీ తరఫున కాకినాడ నుంచి ఒకావిడ వచ్చేది. నడివయసు మనిషి, భుజాన బరువైన సంచీ, మెడలో కంపెనీ కార్డు. ఒక ఊళ్ళో షాపులన్నీ తిరిగి, మళ్ళీ బస్సెక్కి ఇంకో ఊరు పోయేది. ఆవిడ మొదటిసారి మా షాపులో నిలబడి "దీంట్లో బిగ్ డేటా అనలిటిక్స్ కూడా ఉందండి" అన్నప్పుడు, లోపల్నుంచి వదినగారు "అదెంత అవుద్దో ముందు కనుక్కో" అని కేకేశారు.

"దానికి వేరే ఏం కట్టక్కర్లేదండి, మెషీనుతో పాటే వస్తుంది" అందావిడ. "మీరు కొట్టే ప్రతి బిల్లూ మా కంపెనీలో చేరుతుంది. మీదొక్కటే కాదు. భీమవరం, తణుకు, అమలాపురం, ఎక్కడెక్కడి చిన్న షాపుల బిల్లులూ చేరతాయి. ఎండ ఎంత, వాన ఎంత, సెలవులెప్పుడు అన్నవి కూడా దానికి తెలుసు. అన్నీ కలిపి చూస్తే, మీ ఒక్క షాపులో కూర్చుంటే కనపడనివి కనపడతాయి. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ఇది చూడ్డానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారండి. మీకు ఫోన్లోకే వచ్చేస్తుంది."

"అయితే మా జనం ఆకలంతా ఎక్కడో ఒకచోట పోగవుతోందన్నమాట" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "కొంచెం మంచినీళ్ళిస్తారా అండి, పొద్దున్నుంచీ బస్సుల్లోనే ఉన్నాను" అంది. ఇచ్చాను. నీళ్ళతో పాటు కుర్చీ కూడా వేశాను. అప్పటి నుంచి ఆవిడంటే నాకు కాస్త నమ్మకం కుదిరింది.

కొన్ని నెలలు గడిచాక మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం వెలిగిపోతోంది. సంచీ దించకుండానే ఫోను తీసి నా ముందు పెట్టింది.

"మీ షాపులో ఒక విచిత్రం కనపడిందండి. పొద్దున్న వచ్చే మొదటి కస్టమరు పప్పే కొంటున్నారు. సాయంత్రం షాపు తెరిచాక మొదటి కస్టమరూ పప్పే. మధ్యలో కాసేపు బేరం ఆగి మళ్ళీ మొదలైతే, అప్పుడు మొదట వచ్చినవాళ్ళూ పప్పే. ఒక్క రోజు తప్పలేదు. ఇంత నికరమైన అలవాటు మేము ఏ ఊళ్ళోనూ చూడలేదు. మీరు పప్పు పెందలాడే దించేసి, ఎక్కువ చేసి, ముందు వరసలో పెట్టండి. చూడండి తేడా."

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. వదినగారు మెషీను మాట వినే మనిషి కాదు గానీ, పప్పు అనేసరికి శుభమే కదా అని ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి పెద్ద గిన్నె ఎక్కింది. దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు, గోంగూర పప్పు. మధ్యాహ్నానికి సగం గిన్నె అలాగే ఉండేది. సాయంత్రానికి పులిసిన వాసన. రోడ్డు మీద తిరిగే ఆవుకి పెడితే అది రెండో రోజు నుంచి మా షాపు దాటేటప్పుడు అవతలి పక్కకి తప్పుకుని పోవడం మొదలుపెట్టింది. "కొనేవాళ్ళు ఉన్నారని చెప్పింది కదా మీ మెషీను, ఏరి మరి? వచ్చి తినమను" అని వదినగారు నా మీద పడ్డారు.

ఒక ఉదయం మా మొదటి కస్టమరు, ఎదురు సందులో ఉండే టీచరుగారు, షుగరు మనిషి, ఎప్పటిలాగే కాకరకాయ వేపుడు అడిగారు. పొట్లం కట్టి ఇచ్చాను. చీటీ కొట్టబోతూ నా వేలు ఎక్కడికి వెళ్ళిందో నేనే చూసుకుని ఆగిపోయాను. పప్పు బొమ్మ మీదికి వెళ్ళింది.

బోణీ. వదినగారి కట్టడి. రోజు మొదటి బేరం చేదుతో కాకూడదు, నీచుతో కాకూడదు. కాకరకాయతో బోణీ అయితే రోజంతా చేదే అంటారు. అలాగని వచ్చిన మనిషిని ఇది కొనకండి అనలేం కదా. పొద్దున్న ఉండేవన్నీ కూరగాయల కూరలే, అన్నిటికీ ఒకటే ధర. అందుకని ఎవరేం కొన్నా మొదటి చీటీ పప్పు పేరు మీద కొట్టేదాన్ని. కాసేపు బేరం ఆగినా మళ్ళీ బోణీలాంటిదేనని అప్పుడూ పప్పే; ఎవరైనా నీచు కూర అడిగితే ధరకి సరిపడా రెండు మూడు పప్పులు కొట్టేదాన్ని. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అలవాటైపోయిందో నాకే తెలియదు. ఏ ఊళ్ళోనూ లేని ఆ నికరమైన అలవాటు కస్టమర్లది కాదు, నా చూపుడు వేలిది.

ఫోను చేసి కంపెనీ ఆవిడకి చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. "ఈ మాట మా ఆఫీసులో ఎలా చెప్పనండీ?" అంది. ఇకనుంచి ఏది కొంటే అదే కొట్టమంది, మనం ఏం చెబితే అది నమ్ముతుంది తప్ప దానికి వేరే కళ్ళు లేవంది. వదినగారు ససేమిరా అన్నారు. "కాకరకాయతో బోణీ ఏంటే? బుద్ధుందా?" అని కేకలు. చివరికి కంపెనీ ఆవిడే రాజీ కుదిర్చింది. మా మెషీనులో కొబ్బరికాయ బొమ్మతో ఒక కొత్త మీట పెట్టించింది. షాపు తెరవగానే దాన్ని ఒకసారి నొక్కితే బోణీ అయిపోయినట్టే, అది లెక్కలోకి రాదు. తర్వాత ఎవరేం కొంటే అదే కొడతాను. ఎన్ని షాపులు తిరిగినా అలాంటి మీట మాకొక్కళ్ళకే ఉందని చెప్పింది. వదినగారు దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

అప్పటి నుంచి అసలు సంగతులు బయటపడటం మొదలయ్యాయి. వాటిలో కొన్ని మాకు తెలిసినవే. కొన్ని నిజంగా తెలియవు. వాన పడితే బేరం పడిపోతుందని మేము అనుకునేవాళ్ళం. పడిపోయేది నడిచొచ్చేవాళ్ళ బేరం మాత్రమే, ఫోను ఆర్డర్లు పెరుగుతాయి, అవీ పప్పుచారు, వేపుళ్ళే. తణుకులోనో అమలాపురంలోనో మాలాంటి షాపులు సగం పొట్లాలు అమ్ముతున్నాయని, వాటికి గిరాకీ ఉందని ఫోనులో వచ్చింది. మేమూ పెట్టి చూశాం. అప్పటిదాకా వారానికి ఒకసారి వచ్చే ఒంటరి పెద్దవాళ్ళు రోజూ రావడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ వాళ్ళు పూర్తి పొట్లం కొని, మిగిలింది పారేయలేక మర్నాడు తింటున్నారని మాకు తట్టనే లేదు. ఒకాయన సగం పొట్లం చేతిలో పట్టుకుని, "ఇది ముందే పెట్టొచ్చు కదమ్మా" అన్నారు. పెట్టొచ్చు. ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

రకాలు తగ్గించమని కూడా అదే చెప్పింది. మేము చచ్చీ చెడీ వండే వాటిల్లో చాలావాటిని ఒకళ్ళిద్దరే కొంటున్నారు, వాళ్ళూ అది లేకపోతే వేరేది కొనుక్కుంటున్నారు. తగ్గిస్తే నష్టం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. వదినగారికి మాత్రం ఒక్కో కూరా తీసేస్తుంటే ఇంట్లోంచి ఒక్కో మనిషిని పంపేస్తున్నట్టు ఉండేది. కందా బచ్చలి దగ్గర పెద్ద గొడవే అయ్యింది. "కందా బచ్చలి లేకుండా కర్రీపాయింటేంటే? ఇది గోదావరి జిల్లాయేనా?" అన్నారు. అది ఉంచాం. పనసపొట్టు మాత్రం శనివారానికి మిగిలింది. మొత్తానికి పొయ్యి మీద గిన్నెలు సగమయ్యాయి. మధ్యాహ్నం పూట ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ మెషీను మీద నాకు ఎంత చిరాకు ఉన్నా, ఆ ఒక్క దృశ్యం కోసం దానికి దణ్ణం పెట్టొచ్చు అనిపించింది.

కానీ ఆలస్యమైపోయింది. ఒక ఉదయం ఆవిడ షాపుకి జుట్టు విరబోసుకుని వచ్చారు. తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి, నా మొహం చూడకుండా, "అమ్మాయ్, ఈ జుట్టు కాస్త ముడి వెయ్యవే" అన్నారు. ఆవిడ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. నాకు పని చెప్పి చేయించుకున్నారు గానీ అడగలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి ముడి వేశాను. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరిదో వస్తువు పట్టుకుని కూర్చున్నట్టు ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు.

ఈసారి డాక్టరుగారు బతిమాలలేదు, కసిరారు. కొన్ని నెలల పాటు పొయ్యి దగ్గరికే వెళ్ళకూడదని, మళ్ళీ గరిటె పట్టుకుంటే ఇక తన దగ్గరికి తీసుకురావద్దని అన్నారు. ద్రాక్షారామంలో ఆవిడ చెల్లెలుగారి ఇల్లు ఉంది. అక్కడికి పంపాలని మా ఆయన, నేను నిశ్చయించాం. వెళ్ళేముందు ఆవిడని వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, ఏ కూరకి ఏది ఎంతో చెప్పమన్నాను. "చూసి వెయ్యడమే" అన్నారు. చూసి వెయ్యడం ఎంత అని అడిగితే కోపం. చివరికి ఎడమచేత్తో ఉప్పు తియ్యమని, కారం తియ్యమని, ఆ గుప్పిళ్ళన్నీ తక్కెడ మీద పోయించి తూకాలు రాసుకున్నాను. "చేతికి తూకమేంటే, నా ఖర్మ కాకపోతే" అంటూనే అన్నీ తీసి పెట్టారు.

కొత్త వంటమనిషి పెద్దాపురం వైపు నుంచి వచ్చాడు. పెళ్ళిళ్ళలో వండినవాడు. మర్యాదస్తుడు, మాట తక్కువ. పొద్దున్నే వచ్చి "ఈ వేళ ఏంటండి? ఎంతండి?" అని అడుగుతాడు. నేను ఫోను చూసి చెబుతాను. ఇంత వంకాయ, ఇంత బీరకాయ, వానొచ్చేలా ఉంది కాబట్టి చారు ఇంత. అతను తూకం ప్రకారం వేస్తాడు, వండుతాడు, గిన్నెలు దించుతాడు, గోడకి ఆనుకుని టీ తాగుతాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రుచి కూడా బాగానే ఉంటుంది. వదినగారి చేతి రుచి కాదు, అంతే.

మెషీను ఏ రోజు అమ్మకం ఎంతో ఫోనులో వరసగా ఒక గీతలా చూపిస్తుంది. కంపెనీ ఆవిడ దాన్ని గ్రాఫు అంటుంది. వదినగారు వెళ్ళిన మొదటి వారం ఆ గ్రాఫు తీసి చూడాలంటే నాకు భయంగా ఉండేది. పడిపోతే షాపు మూసుకోవాలి. అది ఒక భయం. దాని అడుగున ఇంకోటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. కొంచెమైనా పడాలని నాకు ఉంది. మూసుకునేంత కాదు. ఇన్నేళ్ళు తిన్నవాళ్ళకి ఆ చెయ్యి లేదని తెలిసేంత.

పడలేదు. రెండో వారమూ పడలేదు. నెల గడిచింది, పండగలొచ్చాయి, వెళ్ళాయి, గీత పెరిగేచోట పెరిగింది, తగ్గేచోట తగ్గింది, వదినగారు ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఒకళ్ళిద్దరు "రుచి కొంచెం మారిందండోయ్" అన్నారు. అంటూనే పొట్లం సంచీలో వేసుకుని, "రేపు చేపల పులుసు ఉంటుందా?" అని అడిగారు. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది. కొనడం మానేసి ఉంటే ఏడ్చేదాన్ని, మాననందుకు కోపం. ఏం మనిషినో నేను.

కంపెనీ ఆవిడ వచ్చి చూసి చాలా సంతోషించింది. "ఇదేనండి అసలు లాభం. చిన్న వ్యాపారాలన్నీ ఒక్క మనిషి చేతి మీద ఆధారపడి ఉంటాయి. ఆ మనిషి మంచాన పడితే వ్యాపారమూ పడుతుంది. మీది ఇక పడదు" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అద్దె కడుతున్నాం, కూర పారబోయడం లేదు, వంటమనిషికి జీతం ఇస్తున్నాం, వదినగారికి మందులు కొంటున్నాం. ఒకరి భుజం విరక్కుండా ఒక షాపు నడుస్తోంది. ఇంతకంటే ఏం కావాలి? నేను తల ఊపాను, ఆవిడకి టీ తెప్పించాను.

ఆదివారాలు సాయంత్రం షాపు తెరవం కాబట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం బేరం అయ్యాక ద్రాక్షారామం బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఒకటే సాధన. ఆవిడ తప్పకుండా అడుగుతారు. షాపు ఎలా ఉందని కాదు, తను లేనప్పుడు బేరం తగ్గిందా అని అడుగుతారు. తగ్గిందండి, అందరూ మీ గురించే అడుగుతున్నారండి అంటే ఆవిడ మొహం ఎలా విప్పారుతుందో నాకు తెలుసు. ఆ మర్నాడే సంచీ సర్దుకుని వచ్చేసి గరిటె పట్టుకుంటారనీ తెలుసు. తగ్గలేదంటే చెయ్యి దక్కుతుంది. మరి మనిషి? కోటిపల్లి వెళ్ళే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది, నా ఒళ్ళో ఎవరిదో కొబ్బరి పీచు సంచీ. దిగేవరకూ ఏం చెప్పాలో తేల్చుకోలేకపోయాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఎడమచేత్తో ఒలుస్తున్నారు. కాస్త ఒళ్ళు చేశారు. జుట్టు చెల్లెలుగారు నున్నగా దువ్వి ముడి వేసినట్టున్నారు. కాఫీ తెప్పించారు, మా ఆయన సంగతి అడిగారు, వంకాయల ధర అడిగారు. అప్పుడు అడిగారు.

"నేను లేనప్పుడు బేరం తగ్గిందా?"

"మీ చెయ్యి ఎలా ఉందండి ముందు?"

"చెయ్యి దాని మానాన అది ఉంది. అడిగినదానికి చెప్పు."

నేను ఫోను తీశాను. ఎందుకు తీశానో తెలియదు, నోటితో చెప్పలేకేమో. గ్రాఫు ఆవిడకి చూపించి, ఇక్కడ మీరు ఉన్నారండి, ఇక్కడి నుంచి మీరు లేరండి అని వేలితో చూపించాను. ఆవిడ కళ్ళు చికిలించి చూశారు. ఉన్నచోటా లేనిచోటా గీత ఒకేలా ఉంది.

"తగ్గలేదండి" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయ ఒకటి తీసి ఈనె లాగారు. ఇంకొకటి తీశారు.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఊరికే చచ్చానంటావ్."

"అలా అనకండి వదినగారూ."

"ఎలా అనమంటావ్ మరి? నువ్వే చూపించావు కదే." గొంతులో కోపం లేదు. అదే నాకు భరించడం కష్టమైంది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. "ఊరుకో, ఊరుకో. మంచిదేగా. డాక్టరుగారికి చెప్పు, ఇక నేను గరిటె పట్టుకోనని. ఎవరి కోసం పట్టుకోవాలి?" అన్నారు. కొంగుతో నా మొహం తుడిచారు, ఎడమచేత్తోనే.

కాసేపటికి చిక్కుళ్ళు అయిపోయాయి. చేట పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"మరి నువ్వు లేకపోతే తగ్గుద్దా?"

"అంటే?"

"నేను లేకపోతే ఏమవుద్దో చెప్పింది కదా. నువ్వు లేకపోతే ఏమవుద్దో అడగలేదా దాన్ని?"

"అదెలా చెబుతుందండి? నేనెప్పుడూ మానలేదు కదా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినపడింది. జ్వరాలొచ్చినా వెళ్ళాను. మా అమ్మ పోయినప్పుడు మాత్రం షాపే మూశాం, అదీ మెషీను రాకముందు. ఆ ఫోనులో వానలున్నాయి, ఎండలున్నాయి, పండగలున్నాయి, ఊళ్ళో ఎవరు ఎప్పుడు ఏం తిన్నారో ఉంది. నేను కౌంటరు దగ్గర లేని రోజు ఒక్కటీ లేదు.

"అయితే రేపు మానెయ్" అన్నారు వదినగారు. "ఇక్కడే పడుకో ఈ రాత్రికి. పొద్దున్నే భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం హాయిగా తిని పడుకుందాం. కౌంటరు దగ్గర నా తమ్ముడు కూర్చుంటాడు, ఒక్క రోజు మిల్లుకి పోకపోతే కొంప మునగదు. సాయంత్రం నువ్వూ నేనూ కలిసి చూద్దాం నీ గీత ఏమంటుందో."

పని ఉందన్నాను. సరుకు రావాలన్నాను. వంటమనిషికి తూకాలు చెప్పాలన్నాను. అవన్నీ ఫోనులోనే ఉంటాయి కదా అన్నారు ఆవిడ. నిజమే, ఉంటాయి. ఇంకా వెలుగు ఉండగానే రాజమండ్రి బస్సెక్కేశాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఎందుకే పారిపోతున్నావ్?" అని అడిగారు.

అన్నేళ్ళ అలసటకి ఒక్క రోజు సెలవు ఎదురుగా ఉండి కూడా తీసుకోలేకపోయాను. నేను వెళ్ళకపోతే గీత తగ్గుతుందేమోనని కాదు. తగ్గదేమోనని.